ఎడారిలో వాన ఎంత? పాలమూరులో ఎంత?

ఎండలు ముదిరాక వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీల్లో చాలావరకు ఒకే మాట కనిపించింది: ఎడారి. కొందరు పుస్తకంలో చదివి అడిగారు. కొందరు గల్ఫ్‌లో ఉన్న తమవాళ్లు చెప్పింది విని అడిగారు. ఇంకొందరు తమ చెలకను చూసుకుని దిగులుతో అడిగారు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ నేను కల్వకుర్తి, అచ్చంపేట వైపు హైస్కూళ్లలో సోషల్ చెప్పాను. వాన లెక్కలంటే నాకు మొదటి నుంచీ ప్రాణం. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు పెట్టి, ఈ శీర్షిక మొత్తం వానకే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడం, ఎడారిలో వానే పడదని మా తాత అంటాడు. పడుతుంది కానీ తక్కువ అని మా సార్ చెప్పారు. తక్కువ అంటే ఎంత?
— పదో తరగతి విద్యార్థి, కొల్లాపూర్

మీ సార్ చెప్పిందే సరైనది బాబూ. వానో మంచో ఎప్పుడో ఒకప్పుడు ఎంతో కొంత పడుతూనే ఉంటుంది. ఏడాదికి సగటున 250 మిల్లీమీటర్ల కంటే తక్కువ పడే చోటును ఎడారి అనడం మామూలుగా వాడే లెక్క.

మిల్లీమీటరు అంటే పిల్లలకు ఒక పట్టాన అందదు. అందుకని నేను క్లాసులో ఇలా చెప్పేదాన్ని. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీళ్లు. ఎకరం అంటే నాలుగు వేల చదరపు మీటర్లకు కాస్త పైన. అంటే ఎకరం పొలంలో ఒక మి.మీ. వాన పడితే నాలుగు వేల లీటర్లు. ఎండాకాలంలో మన ఊళ్లకు నీళ్లు మోసే ట్రాక్టర్ ట్యాంకర్ ఒకటి వచ్చి ఆ ఎకరంలో కుమ్మరించినట్టు లెక్క వేసుకో. ఇక నుంచి ఎక్కడ మి.మీ. అని కనిపించినా, ఎకరానికి అన్ని ట్యాంకర్లు అని చదువుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు ఎడారుల దగ్గరికి వద్దాం. దక్షిణ అమెరికాలో చిలీ దేశపు ఉత్తర కొసన, సముద్రం ఒడ్డునే అరికా అనే ఊరుంది. అటకామా ఎడారి అంచు అది. అక్కడ ఏడాది సగటు ఒక మిల్లీమీటరు కూడా లేదు. అంటే ఏడాది మొత్తానికి ఎకరానికి ఒక్క ట్యాంకరు కూడా నిండదు. 1903 అక్టోబరు నుంచి 1918 జనవరి దాకా, పద్నాలుగేళ్లకు పైగా, ఆ ఊళ్లో వాన పడినట్టు నమోదు కాలేదు. ప్రపంచ వాతావరణ సంస్థ రికార్డుల్లో అన్నిటికంటే ఎక్కువ కాలం వాన లేని చోటు అదే. ఈ సంగతి చెప్పినప్పుడు క్లాసులో పిల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోయేవాళ్లు. వాళ్లంతా పుట్టి తొమ్మిదో తరగతికి వచ్చేంత కాలం కదా మరి.

ఈజిప్టులో నైలు ఒడ్డున ఉన్న అస్వాన్‌లో కూడా ఏడాదికి ఒక మి.మీ. అటూ ఇటుగానే. సహారా నడిభాగంలో చాలా చోట్ల 25 లోపే, అంచులకు వచ్చేసరికి 100 దాటుతుంది. అమెరికాలోని డెత్ వ్యాలీలో 50 నుంచి 60. మన దేశపు థార్ వీటితో పోలిస్తే చాలా నయం. జైసల్మేర్‌లో సుమారు 200, తూర్పు అంచున జోధ్‌పూర్‌లో 350 దాకా. ప్రపంచంలోని ఎడారుల్లో అన్నిటికంటే ఎక్కువ జనం కాపురం ఉన్నది థార్‌లోనే అంటారు. దానికి కారణం ఈ వానే.

ఎందుకు ఇంత తక్కువ అంటే కారణాలు ఒక్కో చోట ఒక్కో రకం. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి, తేమంతా అక్కడే వానగా కురిపించేసి, ఉత్తరాన, దక్షిణాన 30 డిగ్రీల అక్షాంశం చుట్టుపక్కల కిందికి దిగుతుంది. దిగే గాలి వేడెక్కుతుంది, ఆరిపోతుంది, మేఘం కట్టనివ్వదు. సహారా, అరేబియా, ఆస్ట్రేలియా ఎడారులు ఈ పట్టీలోనే ఉన్నాయి. అటకామాకు పక్కన చల్లని సముద్ర ప్రవాహం, వెనక ఆండీస్ కొండలు తోడయ్యాయి. గోబీ ఎడారి సముద్రానికి మరీ దూరం, పైగా హిమాలయాలు, టిబెట్ పీఠభూమి అడ్డం.

ఇంకో సంగతి. మొగులు కమ్మి, చినుకులు రాలడం కంటికి కనిపించినా నేల తడవని రోజులు ఎడారిలో ఉంటాయి. కింది గాలి అంత పొడిగా, అంత వేడిగా ఉంటుంది కాబట్టి చినుకు దారిలోనే ఆవిరైపోతుంది. మన దగ్గర కూడా మే నెలలో దూరాన మొగులు నుంచి నల్లటి తెరలు వేలాడుతూ కనిపించి, ఇక్కడికి ఒక్క చుక్కా రాకపోవడం మీ తాత చూసే ఉంటాడు. ఆయన్నే అడుగు.

ప్రశ్న: నమస్తే మేడం. మా ఆయన దుబాయ్‌లో బిల్డింగు పనికి పోయిండు. 2024 ఏప్రిల్‌లో వాళ్ల క్యాంపు రూములో మోకాళ్ల దాకా నీళ్లు వచ్చినయట, రెండు రోజులు తిండికి కూడా కష్టమైందట. ఎడారిలో అంత వాన ఎట్లా వస్తది? విమానాలతో మందు చల్లి కురిపించిన్రని అందరూ అన్నరు. నిజమేనా?
— ఒక గృహిణి, మక్తల్

చెల్లీ, ఆ రెండు రోజులు నువ్వెంత టెన్షన్ పడి ఉంటావో ఊహించగలను. ఫోన్లు కూడా సరిగ్గా కలవలేదని అప్పట్లో చాలామంది చెప్పారు.

జరిగింది ఇది. దుబాయ్‌లో ఏడాది మొత్తానికి 100 మి.మీ. కూడా పడదు. 2024 ఏప్రిల్ 16న అక్కడి ఎయిర్‌పోర్టులో ఒక్కరోజులోనే 140 మి.మీ. దాటింది. అల్ అయిన్ దగ్గర ఒక చోట 24 గంటల లోపలే 254 మి.మీ. పడింది. ఆ దేశంలో 1949 నుంచి రాసిపెట్టిన లెక్కల్లో ఇంత వాన ఎప్పుడూ లేదు. మన వాతావరణ శాఖ ఒకరోజులో 204 మి.మీ. దాటితే ‘అత్యంత భారీ వర్షం’ అంటుంది. అది కోనసీమలో పడినా ఊళ్లు మునుగుతాయి. వరద కాలువలు పెద్దగా లేకుండా కట్టిన నగరంలో పడితే ఇంక చెప్పేదేముంది.

మందు చల్లడం గురించి. దాన్ని మేఘమథనం అంటారు. మన ఉమ్మడి రాష్ట్రంలోనూ 2003 తర్వాత కొన్నేళ్లు చేశారు, నీకు గుర్తుండే ఉంటుంది. అప్పటికే తేమతో ఉన్న మేఘం నుంచి మరికాస్త ఎక్కువ రాబట్టాలన్నదే ఆ పద్ధతి ఆశ. లేని మేఘాన్ని అది పుట్టించలేదు. దుబాయ్ మీదికి వచ్చింది వందల కిలోమీటర్ల మేర విస్తరించిన పెద్ద తుఫాను వ్యవస్థ. వాతావరణ నిపుణులు దాన్ని కొన్ని రోజుల ముందే పసిగట్టారు. రెండు రోజుల ముందే పక్కనున్న ఒమాన్‌లో అది వరదలు తెచ్చి ప్రాణాలు తీసింది. ఆ తుఫాను సమయంలో తాము మేఘమథనం చేయలేదని అక్కడి వాతావరణ కేంద్రం కూడా చెప్పింది. కాబట్టి మందు మాట నమ్మవద్దు.

అసలు నీ ప్రశ్నలో ఉన్నదే ఎడారి వాన స్వభావం. ‘సగటు’ అన్న మాటను ఎడారిలో ఎప్పుడూ అనుమానంగానే చూడాలి. పదేళ్లు ఏమీ పడక, పదకొండో ఏట ఒక్క రాత్రి కుండపోతగా పడితే, లెక్కల పుస్తకంలో అది ఏటా కొద్దికొద్దిగా పడినట్టు కనిపిస్తుంది. కానీ అక్కడ బతికేవాడు ఆ సగటు వానను జీవితంలో ఒక్క ఏడాది కూడా చూసి ఉండడు.

2006 ఆగస్టులో రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ జిల్లాలో ఇదే జరిగింది. ఏడాదికి 300 మి.మీ. కూడా పడని చోట, కొద్ది రోజుల్లోనే దానికి దాదాపు రెండింతలు పడింది. కవాస్ అనే ఊరు ఇసుక తిన్నెల మధ్య నీళ్లలో మునిగింది. ఇసుక కదా, ఇంకిపోతుందిలే అనుకుంటాం. అక్కడ ఇసుక కింద జిప్సమ్ పొర ఉంది, అది నీటిని దిగనివ్వలేదు. పడవల్లో జనాన్ని తీసుకెళ్లారు, నీళ్లు నెలల తరబడి నిలిచిపోయాయి. 2015 మార్చిలో అటకామాలో వరద వచ్చింది. కొండల నుంచి బురద ఊళ్ల మీదికి వచ్చిపడింది, మనుషులు పోయారు. కొన్ని నెలలకు అదే ఎడారిలో మైళ్ల కొద్దీ పూలు పూశాయి. ఏళ్ల తరబడి మట్టిలో ఎదురుచూసిన గింజలు అవి. చాలా ఎడారి మొక్కల గింజలు ఒక చిన్న జల్లుకు మొలకెత్తవు. పైపొరలో ఉన్న, మొలకను ఆపే పదార్థం కడుక్కుపోయేంత వాన పడితేనే లేస్తాయి. మన రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. తొలి జల్లుకు తొందరపడి విత్తితే ఏమవుతుందో తెలిసినవాడు కదా.

అస్వాన్‌లో 2021 నవంబరులో ఒక గాలివాన వచ్చింది. తేళ్లు వాటి బొరియల నుంచి ఇళ్లలోకి కొట్టుకొచ్చి వందల మందిని కుట్టాయి. వాన అంటే అలవాటు లేని చోట వాన ఎన్ని రకాలుగా నష్టం చేస్తుందో చూడు.

ఎడారిలో పడిన వాన మన దాకా కూడా వస్తుంది. 2018లో మెకును అనే తుఫాను ఒమాన్‌ను దాటి అరేబియాలోని రుబ్ అల్ ఖాలీ ఇసుక ఎడారిలోకి వెళ్లింది. దారిలో సలాలా పట్టణంలో ఒక్కరోజులో సుమారు 280 మి.మీ. కురిసింది, అక్కడ రెండేళ్లకు పడే వాన అది. ఇసుక మధ్య చెరువులు నిలిచాయి, పచ్చిక లేచింది, మనిషి అడుగు పెట్టని ఆ చోట మిడతలు గుడ్లు పెట్టి తరం తర్వాత తరం పెరిగాయి. అక్కడి నుంచి యెమెన్, ఆఫ్రికా, ఇరాన్, పాకిస్తాన్ మీదుగా 2020 మే నాటికి రాజస్థాన్, మధ్యప్రదేశ్, విదర్భ చేరాయి. మన ఆదిలాబాద్ సరిహద్దుల్లో డప్పులు, స్ప్రేయర్లు పెట్టుకుని కాపలా కాశారు. రెండేళ్ల ముందు ఎక్కడో ఇసుకలో పడిన వాన సంగతి అది.

మీ ఆయనకు చెప్పు: వాన సూచన వచ్చినప్పుడు ఎండిన వాగులోనూ, దాని ఒడ్డునా ఉండవద్దు. అరబ్బులు వాటిని వాదీ అంటారు. పైన ఎక్కడో కొండల్లో పడిన వానకు, ఇక్కడ ఆకాశం తేటగా ఉండగానే నీళ్లు మీద పడతాయి.

ప్రశ్న: అంటార్కిటికా కూడా ఎడారే అని క్విజ్‌లో జవాబు చెప్పారు. మంచు అంత ఉంటే ఎడారి ఎలా అవుతుంది?
— డిగ్రీ విద్యార్థిని, దేవరకొండ

పడేదాన్ని బట్టి ఎడారి అంటారు, ఉన్నదాన్ని బట్టి కాదు. అంటార్కిటికా లోపలి భాగంలో ఏడాదికి పడే మంచును కరిగిస్తే 50 మి.మీ. నీళ్లు వస్తాయి. సహారా నడిబొడ్డుకూ దానికీ పెద్ద తేడా లేదు. కాకపోతే పడింది కరగదు, ఆవిరి కాదు, లక్షల ఏళ్లుగా పోగవుతూ వచ్చింది. విస్తీర్ణం సుమారు 140 లక్షల చదరపు కిలోమీటర్లు, సహారా 90 లక్షలు. అందుకే ప్రపంచంలో అతిపెద్ద ఎడారి ఏది అని అడిగితే అంటార్కిటికా అన్న జవాబే సరైనది. మన లడఖ్ కూడా ఇలాంటి చల్లని ఎడారే, లేహ్‌లో ఏడాదికి 100 మి.మీ. చుట్టుపక్కల.

ప్రశ్న: టీచరమ్మా, నాకు ఆరెకరాల చెలక ఉంది. ఆముదం, కంది వేస్తాను. మూడు బోర్లు ఎండిపోయాయి. మన పాలమూరు ఎడారి అయిపోతోందని టీవీల్లో, మీటింగుల్లో అంటుంటే భయం వేస్తోంది. నిజంగా ఎడారి అవుతామా?
— ఒక రైతు, గట్టు మండలం, గద్వాల జిల్లా

అన్నా, ఈ ఉత్తరాన్ని చాలాసార్లు చదివాను. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకోలేను.

ముందు లెక్క చూద్దాం. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా సగటు వాన సుమారు 600 మి.మీ. మీ గద్వాల, అలంపూర్ వైపు ఇంకా తక్కువ. నల్లగొండలో 700 దాకా. రాష్ట్రం మొత్తం సగటు 900 చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి మనం వెనకబడే ఉన్నాం. కానీ జైసల్మేర్‌తో పోలిస్తే మూడింతలు. ఎకరానికి ఆరు వందల ట్యాంకర్లు ఆకాశం నుంచి దిగే నేలను ఎడారి అనడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

మనకు తక్కువ పడటానికి కారణం సహ్యాద్రి కొండలు. అరేబియా సముద్రం నుంచి వచ్చే మేఘాలు ఆ కొండల పడమటి వైపే కురిసేస్తాయి. కృష్ణ పుట్టిన మహాబలేశ్వరంలో ఏడాదికి 5,000 మి.మీ. దాటుతుంది. అదే కృష్ణ తంగిడి దగ్గర మన రాష్ట్రంలోకి అడుగు పెట్టేసరికి చుట్టూ 600 కూడా కష్టమైన నేల. కొండకు అటువైపు వాన, ఇటువైపు వాన నీడ. ఆండీస్ పక్కన అటకామాకు జరిగిందే మనకూ జరిగింది, కాకపోతే చిన్న మోతాదులో. మనల్ని కాపాడేది బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో అవి ఇటు తిరిగితే మనకు కాలం అవుతుంది.

రెండో లెక్క ఎండది. వాన ఎంత పడిందన్నది ఒక్కటే చూడకూడదు, ఎండ ఎంత తీసుకుపోగలదో కూడా చూడాలి. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిసాట్ దగ్గర లెక్క ప్రకారం, నేలలో నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంటే ఎండ, గాలి, మొక్కలు కలిసి ఏడాదికి సుమారు 1,750 మి.మీ. పైకి పంపేస్తాయి. మన దగ్గరా ఇంచుమించు అంతే. అంటే పడేది 600, ఎండ అడిగేది 1,750. మూడో వంతు. ఐక్యరాజ్యసమితి కొలత ప్రకారం ఈ భాగం 0.20 నుంచి 0.50 మధ్య ఉంటే అర్ధ శుష్క ప్రాంతం, 0.20 కంటే తక్కువైతే శుష్క ప్రాంతం, 0.05 కంటే తక్కువైతే అతి శుష్కం. మనం సుమారు 0.34. జైసల్మేర్‌లో ఎండ అడిగేది 2,000 దాటుతుంది కాబట్టి అది 0.10 దగ్గర ఆగుతుంది. మనం ఎడారి గీతకు చాలా ఇవతలే ఉన్నాం.

మరి బాధ ఎక్కడ? వాన పడే తీరులో. మన పెద్దవాళ్లకు ఇది బాగా తెలుసు. ‘మఖ పుబ్బలు వరుపైతే మహా ఎత్తున క్షామం’ అన్నారు. సరిగ్గా ఆగస్టు రెండో సగం, సెప్టెంబరు మొదటి సగం. జొన్న గింజ పట్టే ముందు, కంది ఏపుగా పెరిగే వేళ, ఇరవై రోజులు వరుపు పట్టిందంటే ఏడాది మొత్తం 600 పడినా పంట పోతుంది. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్న మాట పాలమూరు వాళ్లం అన్నంత ఎవరూ అని ఉండరు. ఉత్తర కార్తె కూడా ముఖం చాటేస్తే మూటాముల్లె సర్దుకుని బొంబాయి, పుణె బస్సెక్కిన ఇళ్లు నా క్లాసులో ఎన్నో. దసరా సెలవుల తర్వాత బెంచీలు ఖాళీగా ఉండేవి.

2009 గుర్తు తెచ్చుకోండి. ఆ ఏడాది నైరుతి వాన దేశమంతటా సగటు కంటే 22 శాతం తక్కువ, కరువు సంవత్సరం. పంటలు మాడాయి. అక్టోబరు మొదట్లో తుంగభద్ర, కృష్ణ ఒక్కసారిగా పొంగి అలంపూర్ మునిగింది, అవతల కర్నూలు మునిగింది. ఎండిన చేను, మునిగిన ఇల్లు ఒకే ఏడాదిలో. ఎడారి వాన అంటే ఇదే తీరు. వాన మొత్తం కాకుండా వాన తీరు ఎడారిని పోలుతున్నప్పుడు మనం జాగ్రత్త పడాల్సింది నీళ్లు పట్టి ఉంచే చోట.

ఇక్కడ థార్ వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. జైసల్మేర్ చుట్టుపక్కల పాలీవాల్ బ్రాహ్మణులు శతాబ్దాల కిందటే ఖడీన్ అనే పద్ధతి పెట్టారు. రాతి గుట్టల మీద పడిన కొద్ది వాన పల్లానికి జారుతుంది. ఆ పల్లానికి అడ్డంగా పొడవైన మట్టి కట్ట వేస్తారు. నీళ్లు నిలిచి ఇంకుతాయి, తర్వాత ఆ పదును మీద గోధుమ, శనగ విత్తుతారు. 200 మి.మీ. పడే చోట గోధుమ! ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో అవ్‌దాత్ దగ్గర 100 మి.మీ. లోపే పడుతుంది. రెండు వేల ఏళ్ల కిందట అక్కడ నబాతియన్లు అనే ప్రాచీన అరబ్బు జనం ఒక ఎకరం మడికి ఇరవై ముప్పై ఎకరాల గుట్ట నీళ్లు మళ్లించి పండించారు. యాభై, అరవై దశకాల్లో ఆ పాత పొలాలను మళ్లీ బాగుచేసి, అదే వానతో పండ్ల తోటలు పెంచి చూపించారు.

మన చెరువులు, కుంటలు చేసే పనీ ఇదే, అంతకంటే మంచి వానతో. మీ ఊరి కుంట కట్ట తెగిందా, తూము పూడిందా, చెరువు శిఖం ఎవరైనా దున్నేశారా అన్నది ముందు చూడండి. చెరువు మత్తడి దుంకిన ఏడాది కింది బావుల్లో, బోర్లలో నీళ్లు ఎన్ని నెలలు ఉన్నాయో మీకే తెలుసు. మీ ఆరెకరాల్లో వాలుకు అడ్డంగా దున్నడం, పల్లపు మూలన ఒక ఫారం పాండ్ తవ్వుకోవడం, గట్ల మీద మొక్కలు ఉంచడం, ఇవి నాలుగో బోరు కంటే ముందు చేయాల్సినవి. పైమట్టి వరదకు కొట్టుకుపోయి, కింద ఉన్న మొరం బయటపడిన చేనులో వాన ఎంత పడినా నిలవదు. నేల ఎడారిలా మారడం అంటే అది. వాన తగ్గకపోయినా అది జరగగలదు, అందుకే నాకు దాని గురించే ఎక్కువ భయం.

ఇంకో మాట అన్నా. మన నేలను ఎడారి అని పదేపదే అంటే, ఇక్కడ ఏం చేసినా దండగ అన్న అర్థం వస్తుంది. కట్ట బాగు చేయనివాడికి అదొక సాకు. మీటింగులో ఎవరైనా ఆ మాట అంటే లేచి 600 మి.మీ. అని చెప్పండి.

ప్రశ్న: మా దగ్గర బోర్లు వెయ్యి అడుగులు దాటాయి, వచ్చే నీళ్లలో ఫ్లోరైడ్. సౌదీలో ఎడారి కింద నీళ్లున్నాయి, గోధుమ పండించారు అంటారు. వాళ్లకున్నది మనకెందుకు లేదు?
— ఒక పాఠకుడు, మర్రిగూడ, నల్లగొండ జిల్లా

రాతిలో తేడా తమ్ముడూ. అరేబియా, సహారా కింద ఉన్నది ఎక్కువగా ఇసుకరాయి, సున్నపురాయి. వాటి సందుల్లో నీళ్లు నిలుస్తాయి. వేల ఏళ్ల కిందట అక్కడ ఇప్పటికంటే బాగా వానలు పడిన కాలంలో చేరిన నీళ్లవి. లిబియా 1984లో పని మొదలుపెట్టి, దక్షిణాన ఎడారి కింద నుంచి తోడిన నీళ్లను పెద్ద పైపుల్లో సముద్ర తీరపు నగరాలకు తెచ్చింది. సౌదీ అదే రకం నీళ్లతో గోధుమ పండించి, తొంభైల మొదట్లో ఎగుమతి కూడా చేసింది. కానీ ఆ నీళ్లకు మళ్లీ నిండే దారి లేదు. ఏడాదికి 100 మి.మీ. వాన అంత లోతుకు ఏం చేరుతుంది? భూగర్భ జలం తరిగిపోతుంటే 2008లో గోధుమ సాగును క్రమంగా తగ్గించాలని సౌదీ ప్రభుత్వమే నిర్ణయించింది.

మన కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. గట్టి రాయి, దానిలో నీళ్లు నిలిచే ఖాళీ ఉండదు. పైన శిథిలమైన పొరలో, దాని కింద కొద్ది పగుళ్లలో మాత్రమే నీళ్లుంటాయి. లోతుకు వెళ్లే కొద్దీ పగుళ్లు తగ్గుతాయి. అందుకే వెయ్యి అడుగుల బోరు చాలాసార్లు దుమ్మే ఇస్తుంది. రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి కరుగుతుంది. రాతిని అంటుకుని ఎక్కువ కాలం ఉన్న నీటిలో అది ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) డెబ్బైల్లో తయారు చేస్తే దానికి మీ జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. ప్రపంచమంతా వాడుకున్న ఆ పేరు వెనక మీ మండలాల్లో వంగిపోయిన ఎముకల బాధ ఉంది.

ఒక విషయంలో మాత్రం మన రాయి సౌదీ ఇసుకరాయి కంటే నయం. మన పై పొర ఒక్క మంచి వానాకాలంలో మళ్లీ నిండుతుంది. తాగడానికి పైపులో వచ్చే కృష్ణ నీళ్లే వాడండి, బోరు నీళ్లు వద్దు. పొలానికి మాత్రం లోతు పెంచడం మాని, పైన నింపుకునే దారి చూడండి. వాన నీళ్లు చేరిన కొద్దీ పై పొరలో ఫ్లోరైడ్ కూడా పలచబడుతుంది.

ప్రశ్న: మేడం, మా మండలంలో వాన 20 మి.మీ. అని పేపర్లో వేశారు. మా ఊళ్లో చినుకు లేదు. మా ఊరి వానను మేమే కొలుచుకోవచ్చా?
— యువజన సంఘం సభ్యులు, నాంపల్లి మండలం

తప్పకుండా. పేపర్లో వచ్చేది మండలంలో పరికరం ఉన్న చోటి లెక్క. రాష్ట్రంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నా ప్రతి ఊళ్లో ఉండవు కదా. వాన ఊరి ఊరికీ మారుతుంది.

పైనుంచి కింది దాకా ఒకే వెడల్పు ఉన్న డబ్బా తీసుకోండి, గోడలు నిటారుగా ఉంటే చాలు. మూతి ఎంత వెడల్పున్నా ఫరవాలేదు, లోపల నిలిచిన నీటి లోతే మి.మీ. లెక్క. ప్లాస్టిక్ సీసా అయితే మెడ కోసి, దాన్ని తలకిందులుగా గరాటులా పెట్టండి, ఎండకు ఆవిరి కాదు. అడుగు ఎత్తుపల్లాలుగా ఉంటుంది కాబట్టి కొంత ఇసుక, నీళ్లు పోసి చదును చేసి, ఆ నీటి మట్టం దగ్గర సున్నా గీత పెట్టి, అక్కడి నుంచి స్కేలు అతికించండి. చెట్టు, గోడ ఉంటే వాటి ఎత్తుకు రెండింతలు దూరం జరపండి. గాలికి పడిపోకుండా ఇటుకల మధ్య బిగించండి.

వాతావరణ శాఖ వాళ్లలాగే రోజూ ఉదయం 8:30కి చూడండి. చదివాక సున్నా గీత దాకా ఉంచి మిగతాది పారబోయండి. వాన లేని రోజు కూడా ‘0’ అని రాయాలి, ఖాళీ వదలవద్దు. 2.5 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ పడితే దాన్ని వాన రోజుగా లెక్కిస్తారు, ఆ రోజుల పక్కన ఒక టిక్కు పెట్టుకోండి. చేతిలో కాస్త ఓపిక ఉంటే అదే వరుసలో కార్తె పేరు, చేనులో పదును ఎన్ని వేళ్ల లోతు దిగిందో కూడా రాయండి.

మృగశిరలో మొదలుపెట్టి దీపావళి దాకా నడిపించండి. తర్వాత ఆ నోట్‌బుక్ పేజీలు ఫోటో తీసి మా ఆఫీసుకు పంపితే, గట్టు నుంచో కొల్లాపూర్ నుంచో ఇంకెవరైనా పంపిన లెక్కలను పక్కన పెట్టి, ఏ ఊళ్లో ఏ కార్తెకు వరుపు పట్టిందో ఈ శీర్షికలోనే వేస్తాను.